తెర లాగిన చెయ్యి

ఆ ఉదయం ఆడవారి వార్డులో కిటికీ పక్క మంచం చుట్టూ నిలబడినవారు, వచ్చిన వరుసలో, వీరు: మొదట పెద్ద డాక్టరుగారు, ఆయన భుజానికి కొద్దిగా వెనకగా చిన్న డాక్టరు, ఆ తరువాత మందుల బండి తోసుకుంటూ వార్డు సిస్టరు, ఆమె వెనక వైద్య విద్యార్థులు. విద్యార్థులలోనూ ఒక వరుస ఉన్నది. పెద్ద డాక్టరుగారి మెప్పు పొందినవాడు ముందు, పొందనివారు వెనక. ముందున్న కుర్రవాడి చూపుడువేలికి లావుపాటి ఉంగరం. అందరికంటే చివర, పక్క మంచం ఇనుప కమ్మీకి ఆనుకుని, పొడుగు చేతుల కోటులో మోకాళ్ళ దాకా మునిగిపోయిన ఒక అమ్మాయి. మంచం మీద పడుకున్న మనిషిని ఈ వరుసలో లెక్కించే అలవాటు ఆ ఆసుపత్రిలో లేదు.

మంచం మీద పడుకున్నామె దూరపు ఊళ్ళకు ఫోన్లు కలిపే ఎక్స్ఛేంజిలో సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరైన మనిషి. వార్డులో అందరూ ఆమెను ఎక్స్ఛేంజమ్మ అని పిలిచేవారు. విడవకుండా వచ్చిపోతున్న జ్వరం ఆమెను అక్కడికి తెచ్చింది. ఆ జ్వరం వల్ల ఎడమ పక్కటెముకల కింద ప్లీహం పెరిగింది. మామూలు మనిషిలో ఆ అవయవం చేతికి అందదు. ఈమెలో అందుతుంది. అందుకే పెద్ద డాక్టరుగారికి ఆ మంచం ముద్దు.

ఆయన మాట్లాడుతూనే వంగి, ఆమె గౌను అంచు పట్టుకుని రొమ్ముల కింది దాకా లాగారు. ఆమె ముఖం వైపు చూడలేదు. తెర తీసే ఉంది. ఎదుటి మంచం దగ్గర ఎవరి భర్తో ఒకాయన ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన చూపు తిప్పుకున్నాడు కాని, తిప్పుకోవలసిన సమయం దాటిన తరువాత తిప్పుకున్నాడు.

"ఇది మన వార్డు కాలింగ్ బెల్లు," అన్నారు పెద్ద డాక్టరుగారు. "వరుసగా వచ్చి తలా ఒకసారి నొక్కండి. లోపల ఎవరున్నారో వాళ్ళే పలుకుతారు."

విద్యార్థులు నవ్వారు. ఎక్స్ఛేంజమ్మ కళ్ళు మూసుకున్నది. మూసుకున్నంత మాత్రాన ఆమెకు ఏదీ దాగదు. జీవితమంతా చెవులతో మనుషులను గుర్తుపట్టిన మనిషి. ఉంగరం అబ్బాయి నవ్వు అందరికంటే పొడుగైనది. చిన్న డాక్టరు నవ్వలేదు, దగ్గాడు. చివరనుంచి ఒక నవ్వు ముక్కులోంచి వచ్చి, సగంలో తెగిపోయింది. ఆ తరువాత ఇనుప కమ్మీ మీద రింగులు కీచుమని జరిగాయి. వెలుతురు తగ్గింది. కళ్ళు తెరిచి చూస్తే మంచం చుట్టూ ఆకుపచ్చ తెర, దాని అంచు పట్టుకుని ఒక పొడుగు కోటు చెయ్యి.

పెద్ద డాక్టరుగారు వెనక్కి తిరిగి ఇక్కడ నాటకమేమైనా ఆడుతున్నామా తెర వెయ్యడానికి, అని నెమ్మదిగా అడిగారు. అంత సిగ్గుపడేవాళ్ళు డాక్టర్లు కావడమెందుకు, గుడ్డల కొట్టులో తెరలు అమ్ముకోవచ్చు కదా అన్నారు. తరువాత ఆ అమ్మాయిని వార్డు తలుపు బయట నిలబడమని పంపించి, తెర తియ్యమన్నారు. తీసింది ఉంగరం అబ్బాయి.

ఆ పైన ఒక్కొక్క చెయ్యీ వచ్చింది. చెమట పట్టిన చెయ్యి, చల్లటి చెయ్యి, గోరు తీయని చెయ్యి, ఉంగరం రాసుకుపోయిన చెయ్యి. ప్రతి చెయ్యీ ఊపిరి పీల్చమన్నది. ఎక్స్ఛేంజమ్మ పీల్చింది. ఒక్క మాట అనలేదు. అప్పుడు నోరు తెరిస్తే గొంతు వణుకుతుందని ఆమెకు తెలుసు. వణికే గొంతుతో ఆమె ఏనాడూ ఏ లైనులోనూ మాట్లాడలేదు.

సాయంత్రం తమ్ముడు వచ్చాడు. అతడూ విశ్రాంత ఉద్యోగే. తెల్ల కోటు కనబడితే చాలు లేచి నిలబడతాడు. రక్తం సీసాలు మోసేవాడికి కూడా లేచి నిలబడిన చరిత్ర ఉన్నది. ఆమె జరిగింది చెప్పింది. చెబుతున్నంతసేపూ అతడు తలుపు వైపే చూశాడు.

వాళ్ళు చదువుకునే పిల్లలనీ, ఎక్కడో ఒకచోట నేర్చుకోవాలి కదా అనీ అతడన్నాడు. నేర్చుకోవద్దని నేనన్నానా అని ఆమె అడిగింది. ఎక్స్ఛేంజిలో చేరిన మొదటి రోజు తాను కూడా ఒక పెద్దావిడ కుర్చీ వెనక నిలబడి, చెవికి మరొక హెడ్‌ఫోను తగిలించుకుని నేర్చుకున్నదే కదా అన్నది. ఆ పెద్దావిడ ఎవరి మాటల మధ్యకైనా వెళ్ళవలసి వస్తే ముందు, లైనులోకి వస్తున్నాను, క్షమించండి, అని చెప్పి వెళ్ళేది. అవతలివాడు కూలివాడైనా అంతే, కలెక్టరైనా అంతే.

"అయితే పైవాళ్ళకి ఫిర్యాదు పెడదామా అక్కయ్యా?"

"ఫిర్యాదంటే బతిమాలడమేరా. కాస్త గట్టిగా బతిమాలడం."

"మరేం చేస్తావ్?"

"ఇంకా తెలీదు. తెలిశాక నీకు చెప్పను. నీ మొహం చూస్తే అందరికీ తెలిసిపోతుంది."

తమ్ముడు నొచ్చుకున్నాడు. అయినా వెళ్ళేటప్పుడు ఆమె దిండు సరిచేసి, దుప్పటి మడత మెడ దాకా లాగి, నాలుగు వైపులా నొక్కి వెళ్ళాడు.

అతడు వెళ్ళాక ఆమె దుప్పటి కింద తన చెయ్యి తన పొట్ట మీద పెట్టుకున్నది. ఆ చేతులు ఎలా వచ్చాయో అలాగే తన వేళ్ళనూ పంపింది: బొడ్డు పక్కనుంచి ఎడమ పక్కటెముకల వైపు, మెల్లగా. ఊపిరి పీల్చింది. లోపలినుంచి ఏదో గట్టి అంచు జారి వచ్చి వేలికొసకు తగిలింది. ఊపిరి వదిలింది; వెనక్కి పోయింది. ఇంతమంది చూసిన వస్తువును తాను మొదటిసారి చూస్తున్నట్టు ఆమె కాసేపు అలాగే ఉండిపోయింది.

తరువాత, దగ్గు ఆపుకునేటప్పుడు బిగపట్టినట్టు, పొట్ట బిగపట్టింది. వేలికింద చెక్కపలక. ఛాతీ పైభాగంతో మాత్రం ఊపిరి పీల్చింది. చూసేవారికి రొమ్ము లేచింది, పడింది. నిండుగా పీల్చినట్టే ఉన్నది. లోపలి అంచు మాత్రం రాలేదు.

ఆమె మళ్ళీ చేసింది. మళ్ళీ చేసింది. పొడుగాటి అంకెల వరుసలను ఒక్క ఊపిరిలో, ఎక్కడా రొప్పు వినబడకుండా చదివిన మనిషికి ఊపిరిని పంచి వాడుకోవడం కొత్త విద్య కాదు. మరునాడంతా అదే పని. కళ్ళు మూసుకుని, దుప్పటి మెడ దాకా కప్పుకుని, పెదవులు కదలకుండా సాధన చేసింది. ప్రార్థన చేసుకుంటున్నదనుకుని పక్క మంచం ఆవిడ తన రేడియో చప్పుడు తగ్గించింది. జ్వరం ఉన్నా ఆ రోజు ఎక్స్ఛేంజమ్మ ముఖంలో ఒక కాంతి ఉన్నదని సిస్టరు కూడా అన్నది.

పెద్ద డాక్టరుగారు మళ్ళీ పిల్లలతో వచ్చిన ఉదయం వరుస మారలేదు. తెర తీసే ఉంది. చివరమ్మాయిని లోపలికి రానిచ్చారు; అయితే నోరు విప్పకూడదన్న షరతు ఆమె ముఖంలోనే కనబడుతున్నది. గౌను లేచింది. ఉంగరం అబ్బాయి ముందుకు వచ్చాడు.

"గట్టిగా ఊపిరి పీల్చండి."

ఎక్స్ఛేంజమ్మ గట్టిగా పీల్చింది. పై ఛాతీ నిండుగా లేచింది. అతడి వేళ్ళు పైకి వెళ్ళాయి, కిందికి వచ్చాయి, పక్కకు జరిగాయి. మెడ వెనక ఎర్రబడింది.

"ఏం, బెల్లు మోగలేదా?" అన్నారు పెద్ద డాక్టరుగారు.

"నాకేం తగల్లేదు సార్."

తరువాతివాడికీ తగలలేదు. ఆ తరువాతి అమ్మాయికీ తగలలేదు. అప్పుడు పెద్ద డాక్టరుగారు వారిని పక్కకు తప్పించి తన చెయ్యి వేశారు. అది అనుభవమున్న చెయ్యి. వేళ్ళతో కాక వేళ్ళ పక్కలతో వెతికే చెయ్యి. మోకాళ్ళు మడవమన్నది, పక్కకు ఒత్తిగిలమన్నది. ఆమె అన్నీ చేసింది. పొట్ట వదులు చేయమని ఆయన ఆజ్ఞాపించారు. వదులుగానే ఉన్నది, ముసలి పొట్ట ఇంతకంటే ఎంత వదులవుతుంది, అని ఆమె వినయంగా బదులిచ్చింది. ఆయన తన గోళ్ళు తెల్లబడే దాకా నొక్కారు. నొప్పి వెన్ను దాకా పాకింది. ఆమె ఆ నొప్పిని రుచి చూస్తున్నదానిలా కిటికీ వైపు చూస్తూ పడుకున్నది. లోపల ఒకే మాట తిరుగుతున్నది: నొక్కు. ఇంకా నొక్కు. ఇంట్లో ఎవరూ లేరు.

ఆయన నిటారుగా నిలబడ్డారు. చిన్న డాక్టరు తన బూట్లు చూసుకుంటున్నాడు. విద్యార్థులందరూ ఆయన నోటినే చూస్తున్నారు. ఒక క్షణం గడిచింది. ఆ క్షణంలో, నాకు అందలేదు అనే చిన్న మాట చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడ ముగిసేది. ఆయన అది చెప్పలేదు.

"తగ్గిపోయింది," అన్నారు. "మందు పట్టింది. చూశారా, సరైన మోతాదు పడితే ఎంత త్వరగా లోపలికి పోతుందో!" ఆయనే నమ్మేసినట్టు ముఖం విప్పారింది. ఇక మందు సగం చేయవచ్చని సిస్టరుకు చెప్పారు. విద్యార్థులు తలలూపారు. తగలకపోవడానికి కారణం తమ వేళ్ళు కాదని తెలిసిన సంతోషం వారి భుజాలలో కనబడింది.

ఆ సంబరంలో చివరమ్మాయి వంతు ఎవరికీ గుర్తులేదు. ఆమె మాత్రం అలవాటు ప్రకారం వచ్చి మంచం పక్కన నిలబడింది. గౌనును అవసరమైనంత మేరకే ఉంచి, పైభాగం కిందికి దింపింది. అరచేతులు ఒకదానితో ఒకటి రుద్దుకున్నది. వెచ్చటి చెయ్యి వచ్చి పొట్ట మీద వాలింది.

ఎక్స్ఛేంజమ్మ పొట్ట వదిలింది. తెర లాగిన చేతికి అది బహుమానమని ఆమె ఉద్దేశం. నిండా ఊపిరి పీల్చింది. అంచు జారి వచ్చి ఆ అమ్మాయి వేలికి తగిలింది. ఆ వేలు ఉలిక్కిపడి, ఆగి, మళ్ళీ మెల్లగా ఆ అంచు వెంట నడిచింది.

"నువ్వేంటి ఇంకా అక్కడ?" అన్నారు పెద్ద డాక్టరుగారు. "ఏం, నీకేమైనా తగిలిందా?"

ఆ అమ్మాయి పెద్ద డాక్టరుగారి వైపు చూసింది, ముసలామె వైపు చూసింది, తన చేతిని చూసుకున్నది.

"తగిలింది సార్. రెండు వేళ్ళ మందం కిందికి ఉంది."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. పెద్ద డాక్టరుగారు నవ్వలేదు. ఇంతమందికి అందనిది, నాకు అందనిది నీకు అందిందా, అని అడిగారు. పుస్తకంలో చదివింది చేతికి తగిలిందని చెప్పేవాళ్ళు రోగుల్ని చంపుతారన్నారు. ఇలాంటివాళ్ళని ఏరేయడానికే పరీక్షలు ఉన్నాయి, రాబోయే ప్రాక్టికల్‌లో ఇదే మంచం నీకు ఇస్తాను, బయటి ఊరునుంచి వచ్చే ఎగ్జామినరుగారి ముందు ఇదే అబద్ధం చెబుదువుగాని, ఇదే తరగతిలో ఇంకో ఏడాది కూర్చుందువుగాని, అన్నారు. ఆ పైన తలుపు వైపు వేలు చూపారు. దారి ఆ అమ్మాయికి తెలిసినదే.

ఎక్స్ఛేంజమ్మ నోరు తెరిచింది. నిజం చెబితే ఆయన ఏమంటారో ఆమెకు వినబడింది: నాకు అప్పుడే అనుమానం వచ్చింది అంటారు. ఆ మాట వినడం ఆమె వల్ల కాలేదు. నోరు మూసుకున్నది.

మధ్యాహ్నం, చూడవచ్చేవాళ్ళ సమయంలో, ఆ అమ్మాయి కోటు లేకుండా వచ్చింది. కోటు లేకపోతే ఇంకా చిన్నపిల్లలా ఉన్నది. తెర తనే లాగి, స్టూలు మీద కూర్చున్నది.

"మామ్మగారూ, నా ఒక్కదానికే ఎందుకు వదిలారు?"

"ఏం వదలడం?"

"పొట్ట. నా చెయ్యి కింద కండరం సడలడం నాకు తెలిసింది. వాళ్ళెవరికీ సడల్లేదు."

ఎక్స్ఛేంజమ్మ కొంతసేపు దుప్పటి అంచు మడతపెట్టింది. తెర లాగినందుకు, అన్నది చివరికి.

"నేనూ నవ్వాను ఆ రోజు."

"తెలుసు. ముక్కుతో నవ్వావు. అందరికంటే ముందు ఆపావు."

ఆ అమ్మాయి కళ్ళు దించుకున్నది. తన తండ్రి పొద్దున లేస్తే తెలిసినవాళ్ళందరికీ మా అమ్మాయి డాక్టరవుతోందని చెప్పుకుంటాడనీ, ఇంకో ఏడాది చదివించే ఓపిక ఆ ఇంట్లో ఎవరికీ లేదనీ, తప్పితే చదువు మానేయవలసిందేననీ చెప్పింది. చెప్పేటప్పుడు ఏడవలేదు. రోగి లక్షణాలు వివరించినట్టు వివరించింది.

"తగల్లేదని చెప్పెయ్యాల్సింది," అన్నది ఎక్స్ఛేంజమ్మ.

"తగిలింది కదా."

ఎక్స్ఛేంజమ్మ ముఖం తిప్పుకున్నది. కిటికీ బయట ఎవరో బకెట్లు కడుగుతున్నారు.

"మీ పగ మీది మామ్మగారూ. తప్పని నేననను. అందులో నా చెయ్యి ఎందుకు పెట్టారు? మీకు మందు సగం చేశారు, అది తెలుసా? జ్వరం తిరగబెడుతుంది. అప్పుడు ఎవరి మీద గెలిచినట్టు?"

"తిరగబెట్టనీ. నువ్వు చిన్నదానివి, నలుగురిలో తలవంపులంటే ఏంటో నీకు తెలీదు."

"తలుపు బయట నిలబడింది నేనే కదా," అన్నది ఆ అమ్మాయి. అని, లేచి, తెర ఎలా ఉన్నదో అలాగే ఉంచి వెళ్ళిపోయింది.

జ్వరం తిరగబెట్టింది. తగ్గిందన్న మాట వెనక్కి తీసుకోలేక పెద్ద డాక్టరుగారు మందు సగంగానే ఉంచారు. పళ్ళు టకటక కొట్టుకుంటుండగా ఎక్స్ఛేంజమ్మ లెక్క సరిచూసుకున్నది. తప్పు ఎక్కడ జరిగిందో ఆమెకు తెలిసింది. కోపం తప్పు కాదు. లైను తప్పుగా కలిపింది, అంతే. ఎక్స్ఛేంజిలో అలాంటిది జరిగితే ఏడుస్తూ కూర్చోరు. తీగ పీకి సరైన రంధ్రంలో పెడతారు. పరీక్ష రోజున ఆ అమ్మాయికి వదలాలి. బయటినుంచి వచ్చే ఎగ్జామినరుకూ వదలాలి. వారిద్దరికీ అంచు తగులుతుంది, అమ్మాయి గట్టెక్కుతుంది. తరువాత పెద్ద డాక్టరు చెయ్యి వేస్తాడు. వెయ్యకుండా ఉండలేడు. అప్పుడు బిగించాలి. ఒక విద్యార్థినికి అందినది, పరాయి ఊరివాడికి అందినది, తన సొంత వార్డులో తనకు అందలేదని ఆ మనిషి అందరి ముందూ, తన నోటితో, చెప్పాలి.

ఈసారి తమ్ముడికి చెప్పింది. చెప్పకుండా ఉండలేనంత తీపిగా ఉన్నది ఆ ఆలోచన. అతడు ఆమె నుదురు తాకి చూశాడు.

"అక్కయ్యా, ఆయన చేతిలోనే కదా నీ ప్రాణం ఉంది."

"ఆయన చేతిలో లేదురా. చేతికింద ఉంది. చేతికి అందదు, అదీ సంగతి," అని ఆమె నవ్వింది. నవ్వు పెద్దదై దగ్గయింది. తమ్ముడు నీళ్ళు తాగించి, గ్లాసు కడిగి బోర్లించి, చాలాసేపు ఆ గ్లాసునే చూస్తూ కూర్చున్నాడు.

పరీక్ష రోజున వార్డు నేల రెండుసార్లు తుడిచారు. దుప్పట్లు మార్చారు. ఎగ్జామినరు వయసు మళ్ళిన మనిషి, పొట్టిగా, మెత్తగా మాట్లాడేవారు. మంచం దగ్గరకు రాగానే స్టూలు లాక్కుని కూర్చున్నారు. పెద్ద డాక్టరుగారు కూర్చోలేదు. మిగిలిన విద్యార్థులు తమ పిలుపు కోసం గోడ పక్కన నిలబడ్డారు.

చివరమ్మాయి ముందుగా తెర లాగింది. పెద్ద డాక్టరుగారి కనుబొమ కదిలింది కాని, ఎగ్జామినరు ఎదుట ఆయన ఏమీ అనలేదు. లోపల నలుగురు మిగిలారు. తెర అంచు కింద బయటివారి బూట్లు వరుసగా కనబడుతున్నాయి.

"చెయ్యి వెయ్యొచ్చా మామ్మగారూ?"

ఎక్స్ఛేంజమ్మ తల ఊపింది. ఆ అమ్మాయి అరచేతులు రుద్దుకున్నది. అవి ఆ రోజు వెచ్చబడలేదు. అయినా వేళ్ళు తమ దారిన వెళ్ళాయి. ముసలామె నిండుగా ఊపిరి పీల్చింది.

"ప్లీహం అందుతోంది సార్. పక్కటెముక కింద రెండు వేళ్ళు, గట్టిగా, అంచు నునుపుగా ఉంది."

పెద్ద డాక్టరుగారి ముఖం మీద చిరునవ్వు వచ్చింది. ఈ పిల్ల మొన్న కూడా ఇదే మాట అన్నదనీ, తాను స్వయంగా చూశాననీ, మందుతో ఎప్పుడో తగ్గిపోయిందనీ ఎగ్జామినరుకు చెప్పారు. ఎగ్జామినరు విన్నారు. తరువాత ఆమె వైపు తిరిగి, నేనూ ఒకసారి చూస్తానమ్మా, మీకు అభ్యంతరం లేకపోతే, అన్నారు. ఆమెకు అభ్యంతరం లేదు. ఆయన చెయ్యి పొడిగా, తేలికగా ఉన్నది. అంచు దానంతట అది వచ్చి తగిలింది.

"ఉందే," అన్నారు ఎగ్జామినరు.

"ఉండే అవకాశం లేదు."

"మీరూ చూడండి."

ఎక్స్ఛేంజమ్మ కోరుకున్న క్షణం అదే. ఉంగరాలు లేని, అనుభవమున్న ఆ పెద్ద చెయ్యి వచ్చి పొట్ట మీద పడింది. ఆమె బిగించింది. జ్వరం తిన్న ఒంట్లో మిగిలిన బలమంతా అక్కడికి పిలిచింది. కాలి వేళ్ళు దుప్పటి కింద ముడుచుకున్నాయి. ఆయన వెతికారు. ఊపిరి పీల్చమన్నారు, ఛాతీ లేచింది. మళ్ళీ వెతికారు. ఆయన పైపెదవి మీద చెమట చుక్క ఒకటి పుట్టి, లావై, అక్కడే నిలబడింది. దానిని ఆమె కళ్ళారా చూసింది.

"నాకు..." అన్నారు పెద్ద డాక్టరుగారు. గొంతు సవరించుకున్నారు. "నాకు తగలడం లేదు."

తెర బయట ఒక జత బూట్లు ఇటునుంచి అటు బరువు మార్చుకున్నాయి. ఎగ్జామినరు ఆయనను చూశారు, అమ్మాయిని చూశారు. అమ్మాయి గెలిచింది. నోరు మూసుకుని నిలబడితే చాలు.

"సార్," అన్నది ఆ అమ్మాయి. "మామ్మగారు పొట్ట బిగించారు."

ఎక్స్ఛేంజమ్మ ఆమె వైపు చూసిన చూపులో ఎంత విషమున్నదో చెప్పడం కష్టం. పండి నోటి దాకా వచ్చిన ఫలాన్ని ఎవరో చేతిలోంచి లాక్కున్నారు. ఆ లాక్కున్నది ఈ పిల్ల. పెద్ద డాక్టరుగారికి ప్రాణం లేచివచ్చింది. నేను మొదటినుంచీ అనుకుంటూనే ఉన్నాను, ఇదంతా నాటకం, అని మొదలుపెట్టారు.

"మొన్న కూడా బిగించారు సార్," ఆ అమ్మాయి ఆగలేదు. ముఖం పాలిపోయి ఉన్నది. మాట మాత్రం ఆగలేదు. "వదులు చెయ్యమని చెప్తే చెయ్యరు. అడిగితే చేస్తారు. నేను అడిగాను, ఎగ్జామినర్ గారు అడిగారు. మీరు అడగలేదు."

ఎగ్జామినరు కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"అయితే అడగండి డాక్టరుగారూ," అన్నారు. "దానికేముంది?"

పెద్ద డాక్టరుగారు తెర కింద కనబడుతున్న బూట్ల వరుసను చూశారు. ముందున్న జత ఉంగరం అబ్బాయిది. లోపలి ప్రతి మాటా ఆ బూట్ల దాకా వినబడుతుందని ఆయనకు తెలుసు.

"పొట్ట వదులు చెయ్యండి," అన్నారు.

చెక్కపలక కదలలేదు.

ఆమె వార్డుకు వచ్చిన నాటినుంచి మొదటిసారి, ఆయన ఆమె ముఖంలోకి చూశారు. ఆయన కళ్ళు లేత గోధుమరంగువని ఆమెకు అప్పుడు తెలిసింది.

"చెయ్యి వేసి చూడొచ్చా... అమ్మా?"

ఇక నిర్ణయం ఆమె చేతిలో ఉన్నది. కాదనవచ్చు. కాదనే మాట నాలుక మీదనే ఉన్నది. అంటే ఆ మనిషి అడిగి కూడా పొందలేకపోయిన మనిషిగా ఈ తెర దాటి వెళతాడు. అంతకంటే తీపి ఇంకొకటి లేదు. ఆమె అమ్మాయి వైపు చూసింది. అమ్మాయి పెద్ద డాక్టరుగారిని చూడటం లేదు, తననే చూస్తున్నది. ఆ చూపులో వేడుకోలు లేదు. లైనుకు అవతల ఎవరైనా ఉన్నారా అని ఎదురుచూసే మనిషి మౌనం ఉన్నది.

"వెయ్యండి," అన్నది ఎక్స్ఛేంజమ్మ.

ముడుచుకున్న కాలి వేళ్ళు ముందు విడిపోయాయి. తరువాత తొడలు, తరువాత పొట్ట. ఆమె లోపలికి, కిందికి, నిండుగా ఊపిరి పీల్చింది. అంచు జారి వచ్చి ఆయన వేలికొసకు తగిలింది. తగిలినట్టు ఆయన ముఖమే చెప్పింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, గౌను అంచును తనే కిందికి దింపి, మందు మళ్ళీ నిండు మోతాదు ఇవ్వాలని, ఎవరి వైపూ చూడకుండా, అన్నారు.

ఎగ్జామినరు లేవబోతూ, రోగిని అడిగే అలవాటు తనకున్నదని చెప్పి, ఈ విద్యార్థిని గురించి మీరు చెప్పదలచుకున్నది ఏమైనా ఉన్నదా అని ఎక్స్ఛేంజమ్మను అడిగారు. ఆమె మోచేతి మీద లేచింది. గౌను సరిచేసుకున్నది. గొంతు వణకడం లేదని ఒకసారి లోపలే చూసుకున్నది. తరువాత, చప్పుడు చేసే లైను మీద అవతలి ఊరికి స్పష్టంగా వినబడేటట్టు మాట్లాడే తన పాత గొంతుతో, తెరకు బయట ఉన్నవారికీ, తలుపు దగ్గర ఉన్నవారికీ వినబడేటట్టు చెప్పింది:

"ఉంది, రాసుకోండి. మొదటి రోజు నా ఒళ్ళు నలుగురికీ కనబడుతుంటే తెర లాగింది ఈ అమ్మాయి. లాగినందుకు ఈ డాక్టరుగారు ఆమెని తలుపు బయట నిలబెట్టారు. మొన్న ఉన్నది ఉన్నట్టు చెప్పింది ఈ అమ్మాయి. అప్పుడూ ఆమె బయటే నిలబడింది, నా మూలంగా. ఇవాళ నోరు మూసుకుంటే గెలిచేది. మూసుకోలేదు. నా పగ నా పొట్టలో ఉండగా దాన్ని వదిలించింది ఈ అమ్మాయే. అది ఇంకెవరి వల్లా అయ్యేది కాదని, స్పృహలో ఉండి, నా అంతట నేను ఒప్పుకుంటున్నాను."